ముందు తీసుకెళ్లినవాడు

జూన్ 3, మంగళవారం

అన్న ఎక్కలేదు.

జూన్ 4, బుధవారం. ఉదయం

నిన్న రాసింది చదివితే అన్నకి బస్సు తప్పిపోయినట్టుంది. ఎక్కాల్సింది డేటాబేస్‌లోకి. సైకిల్ షాపు మీద మా సంఘం ఆఫీసు, అందులో పాత కంప్యూటరు. రాళ్ళు పగలగొట్టే క్రషర్‌లో పనిచేసి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నవాళ్ళందరినీ అందులో ఎక్కిస్తున్నాం. పన్నెండున విచారణ. ముందురోజు సాయంత్రానికి లాయరు గారికి ప్రింటు ఇవ్వాలి. అందులో పేరు లేకపోతే వాడు దుమ్ముతో పోలేదనే లెక్క. అన్న సిగరెట్లు తాగి పోయాడని కంపెనీ అప్పుడే రాసిచ్చింది. అన్న నోట్లో సిగరెట్టు నేనెప్పుడూ చూడలేదు. వదినా చూడలేదు.

కరపత్రమైతే ఇక్కడ రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టేవాణ్ణి. ఇప్పుడు చెయ్యి ఆడటం లేదు. నలుగురిలో ఉన్నప్పుడు అరుస్తూనే ఉన్నాను. లోపల మాత్రం ఎవరో ఫ్యాను ఆపేసినట్టుంది.

మధ్యాహ్నం

మొదటి తప్పు పుట్టినతేదీలో. రోజూ నెలా తారుమారు కొట్టాను. పదిహేడో నెల ఉండదంది కంప్యూటరు. సరిచేశాను. రెండోది టోకెన్ నంబరు, క్రషర్‌లో మెడలో వేసే బిళ్ళ మీదుండేది. నలభై ఒకటి అప్పటికే ఉందంది. చూస్తే నిజంగానే ఉంది, ఇంకెవరి పేరు మీదో. అన్న మంచాన పడిన మర్నాడే ఆ బిళ్ళ తీసి ఇంకొకడి మెడలో వేశారట. క్రషర్‌లో అంతే, మనిషి మారతాడు గానీ బిళ్ళ మారదు.

ఈ డేటాబేస్ కట్టింది కంప్యూటర్ అక్క. ఇదివరకు ఆసుపత్రి బిల్లుల కౌంటర్‌లో కూర్చునేది. మా ఆసుపత్రిలో మంచానికి ఇద్దరుండేవాళ్ళు గానీ నంబరుకి ఇద్దరుండేవాళ్ళు కాదు తమ్ముడూ, మీ కంపెనీ వాళ్ళు మమ్మల్నీ మించిపోయారు అంది. టోకెన్‌ని మామూలు గడి చేసేసి, మనిషికో కొత్త నంబరు దానంతటదే పడేలా మార్చింది. నేను బల్ల మీద గుద్దుతుంటే, కొడితే నేర్చుకునే రకం కాదది, నెమ్మదిగా చదువు, ఏం కావాలో అదే చెబుతుంది అంది.

జూన్ 5, గురువారం

రికార్డును వేరే యూజర్ వాడుతున్నారు అని వచ్చింది. కంపెనీ మనిషి దూరాడని మెట్ల మీద నిలబడి కేకలు పెట్టాను. కింద సైకిళ్ళవాడు స్పానరు పట్టుకుని పైకొచ్చాడు.

వేరే యూజర్ని నేనే. పక్కగదిలో రెండో కంప్యూటర్ మీద పొద్దున తెరిచి, మూయడం మరిచిపోయాను.

విప్లవం వచ్చినరోజు నిన్ను మాత్రం గేటు దగ్గర పెట్టకూడదు అంది అక్క. సైకిళ్ళవాడు నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను.

జూన్ 6, శుక్రవారం

ఇక తప్పు ఒక్కటే మిగిలింది. దాని సంగతి మంగళవారమే తెలుసు. అందుకే మిగతావన్నీ ముందు చూసుకున్నాను.

సంబంధిత రికార్డు లేదు, కాబట్టి చేర్చడం కుదరదు అంటోంది. అక్క రెండు టేబుళ్ళు కట్టింది. మొదటిది పనికి తీసుకెళ్ళినవాళ్ళది, అంటే మేస్త్రీలది, రెండోది పనివాళ్ళది. మొదటిదాంట్లో మేస్త్రీ ఉంటేనే, రెండోదాంట్లో వాడి మనుషులు ఎక్కుతారు. ఎందుకమ్మా ఈ పీడ అని మొదట్లోనే పోట్లాడాను. అక్క చెప్పింది, కిందటి విచారణలో కంపెనీ లాయరు లేచి, వీళ్ళని పనికి తెచ్చిందెవరు, గాలికి కొట్టుకొచ్చారా అని అడిగాడట. మనవాళ్ళు బిక్కమొహం వేశారట. మేస్త్రీ పేరు లేనివాళ్ళందరినీ ఆపూటే కొట్టేశారు. అందుకని ఈసారి ముందు తీసుకెళ్ళినవాడు, తరువాత వెళ్ళినవాడు.

అన్నని తీసుకెళ్ళింది నాన్న.

అన్ననే కాదు, మా వీధిలో సగంమందిని నాన్నే వ్యానెక్కించాడు. ఆయన పేరు లేక వాళ్ళూ బయటే ఉన్నారు. అక్కకి ఈ సంగతి తెలుసు. అడగదు.

మేస్త్రీ యజమాని చేతిలో కర్ర అని ఒక కరపత్రంలో ఉంది. మేస్త్రీ కూడా కూలివాడే, గురి యజమాని మీదుండాలి అని ఇంకోదాంట్లో ఉంది. రెండింటికీ కింద గీతలు గీసిపెట్టాను. నేనే.

జూన్ 7, శనివారం

తీసుకెళ్ళినవాళ్ళ టేబుల్లో తెలియదు అని ఒక మనిషిని పుట్టించాను. అన్న ఎక్కాడు.

జూన్ 8, ఆదివారం

ఆఫీసు లేదు. ఇంట్లో నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. దగ్గుతాడు, ఆగుతాడు. అన్న పోయినప్పటి నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు. పోట్లాటేం లేదు. మాట దొరకలేదు.

ఆఖరి రోజుల్లో అన్నకి నా కరపత్రాలు చదివి వినిపించేవాణ్ణి. వాక్యానికోసారి ఊఁ కొట్టేవాడు. చిన్నప్పుడు నీకు కథలు చెబుతూ నీచేత కొట్టించిన ఊఁ, తిరిగి ఇచ్చేస్తున్నానురా అనేవాడు. ఆరోజు కూడా కొట్టాడు. మధ్యలో ఆగింది. నిద్రపట్టిందనుకున్నాను. పేజీ పూర్తి చేశాను. బాగుందని ఇంకో పేజీ కూడా చదివాను.

జూన్ 9, సోమవారం. మధ్యాహ్నం

అక్క తెలియదుని చెరిపేసింది. వాడితో పాటు అన్న కూడా పోయాడు.

అరిచాను. నీది కూడా ఆఫీసు బుద్ధే అన్నాను. ఆవిడ వినీ వినీ, అయిందా అంది. తెలియదు అంటే కంపెనీవాళ్ళు నీకు దండేస్తారు తమ్ముడూ, నిజంగా నీకు తెలియకపోతే కదా ఆ మాట రాయాలి అంది. తరువాత కుర్చీ ఖాళీ చేసి, నేను మాత్రం ఆ పేరు కొట్టను, కొడితే నువ్వే కొట్టాలి అని టీకి వెళ్ళిపోయింది.

కర్సర్ మిణుకుతూనే ఉంది. నాన్న పేరులో మొదటి అక్షరం కొట్టాను. చెరిపాను.

సాయంత్రం

వదిన నన్ను కరపత్రం అని పిలుస్తుంది. ఏం కరపత్రం, మీ అన్న ఎక్కాడా అని అడిగింది. లేదన్నాను. ఎందుకో చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూనే వింది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, అంతేగా నీకు అంది. ఊరందరినీ నిలదీస్తావు, మైకు ఉంటే చాలు నీకు అంది. ఆయన సిగరెట్లు తాగే పోయాడని రేపు నీ నోటితోనే నాకు చదివి వినిపిస్తావా అంది.

గోడ అవతల దగ్గు ఆగింది. వదిన గొంతు తగ్గించలేదు. తరువాత లేచి, మామయ్యా అన్నం పెట్టనా అని నాన్నని అడిగింది.

జూన్ 10, మంగళవారం

నాన్న ఆఫీసుకొచ్చాడు. మెట్ల మధ్యలో కూర్చుండిపోతే సైకిళ్ళవాడు స్టూలు పట్టుకుని వెనకే ఎక్కాడు. లోపలికొచ్చి నావైపు చూడలేదు. నేనే తీసుకెళ్ళానమ్మా, రాసుకో అన్నాడు అక్కతో. అక్క నన్ను చూపించింది.

కొట్టాను. పేరు, వయసు, వీధి. సేవ్ అయింది. ఒక్క మాట కూడా అనలేదు కంప్యూటరు.

తరువాత నాన్న కళ్ళు మూసుకుని, వ్యానులో ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్ళో ఆ వరసలో చెప్పుకుంటూ పోయాడు. కిటికీ పక్కన ఫలానా, వాడి పక్కన వాడి బావమరిది, వెనక టైరు మీది సీట్లో పొట్టోడు, వాడికి ఎప్పుడూ వాంతులే. నేను కొడుతూ పోయాను. ఒక్కటీ ఆగలేదు.

అన్న దగ్గరికొచ్చేసరికి పని అనే గడి నింపాలి. నాన్న అప్పుడు నాతో మాట్లాడాడు. కంకర జల్లెడ దగ్గర పెట్టించానురా చిన్నోడా అన్నాడు. బండ ఎత్తక్కర్లేదు, సమ్మెట పట్టక్కర్లేదు, నీడపట్టున కూర్చునే పని. ఎవరికీ ఇవ్వకుండా వాడికోసం అడిగి ఇప్పించాను అన్నాడు.

దుమ్మంతా జల్లెడ దగ్గరే. అది ఇప్పుడందరికీ తెలుసు.

జల్లెడ అని కొట్టాను. నాన్నని తిట్టడానికి కరపత్రాల్లో చదివిన మాటలు చాలా ఉన్నాయి. తరువాతి గడికి జరిగాను. అక్క మంచినీళ్ళిచ్చింది.

మీకూ దగ్గుందిగా, మిమ్మల్నీ పనివాళ్ళలో ఎక్కిద్దాం, మిమ్మల్నెవరు తీసుకెళ్ళారు అని అడిగింది అక్క. నన్నెవరూ తీసుకెళ్ళలేదమ్మా, నేనే వెళ్ళాను అన్నాడు. ఆ గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోదు. అక్క ఏదో మార్చబోయింది. వద్దులే అని లేచాడు.

దిగేటప్పుడు చెయ్యి నా భుజం మీద వేశాడు. బరువు లేదు.

జూన్ 11, బుధవారం

ప్రింటు లాయరు గారికి ఇచ్చేముందు, తప్పులుంటే చెబుతాడని నాన్న మంచం పక్కన కూర్చుని చదివాను. గోడవైపు తిరిగే విన్నాడు. ఒక్కో పేరుకీ ఊఁ అన్నాడు.

అన్న పేరుకి అనలేదు.

చదవడం ఆపాను. వీపు కేసి చూశాను. కదులుతోంది.

తరువాతి పేరు చదివాను.