రెండో లిఫ్టుకు వేసిన తాళం

అక్కకు నీ తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ మేమిద్దరం క్షేమమే. అక్కడ నువ్వూ, నీ ట్రైనింగూ, గురకతో హాస్టలంతా లేపే ఆ పక్కమంచం ఆవిడా క్షేమమని తలుస్తాను. ఫోన్‌లో నీ గొంతు వింటే నోరు పెగలదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేశాను, ఇప్పుడు ఇంకోచోట కారుతోంది. బావ వేళకే తింటున్నాడు. వండింది నేనైతే మాత్రం ముద్ద ఎత్తేముందు దేవుణ్ణి తలచుకుంటున్నాడు. మౌత్ ఆర్గాన్ మానలేదు. మూడేళ్ళుగా అదే పాట, అదే చోట తప్పు. ఒకప్పుడు గోడకేసి చెప్పు విసిరేవాణ్ణి, నీకు తెలుసుగా. ఈ పది రోజులుగా ఆ తప్పు కోసం చెవులు రిక్కించి కూర్చుంటున్నాను. అది వినపడ్డాకే నాకు అన్నం సయిస్తోంది. పొద్దున్నే కాలు బల్లమీద పెట్టుకుని, కాఫీ చల్లారిందని విసుక్కుంటాడా, ఆ విసుగుకు దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

కొత్త బొమ్మలేవీ పంపడం లేదేమని అడిగావు. "రోజుకొక్కటి గీసుకోరా, చూసే కళ్ళున్నందుకు అదే కృతజ్ఞత" అని పుస్తకం కొనిచ్చింది నువ్వే. ఆ సంగతే చెప్పాలి. ఎటు తిప్పినా కలం అక్కడికే వస్తోంది.

మెట్ల మీద జారి కాలివేళ్ళు విరిగాయని బావ నీకు రాశాడు. అది అబద్ధం.

పది రోజుల కిందట తొమ్మిదంతస్తుల భవనంలో పని. బావ ఒకటో లిఫ్టు అడుగున ఉన్న గోతిలోకి దిగాలి. నేను పైన మోటారు గదిలో ఆ లిఫ్టు స్విచ్ దించి, తాళం వేసి, చెవి జేబులో పెట్టుకోవాలి. అక్కడ లిఫ్టులు రెండు, స్విచ్‌లూ రెండు. ఎప్పుడూ ముందు తలుపులోంచి వెళ్తాను, ఒకటోది ఎడమచేతికి వస్తుంది. ఆ రోజు ఆ తలుపుకు రంగు వేస్తున్నారని వెనకవైపు నుంచి వెళ్ళాను. అలవాటుగా ఎడమచేతిదానికే తాళం వేశాను. అది రెండోది. దానిమీద అంకె ఉంది, చూడలేదు. తాళం వేశాక బటన్ నొక్కించి, లిఫ్టు కదలదని తేల్చుకోవాలి. అదీ చేయలేదు. కిటికీలోంచి కింద డాబాల మీద ఎండ ఎంత బాగుందో. "వేశాను బావా, దిగు" అని ఫోన్ చేసి, పుస్తకం తీసి గీస్తూ కూర్చున్నాను.

డాబా గోడ గీస్తుండగా నా పక్కన మోటారు తిరిగింది. ఏదో అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు. నేను పరుగెత్తి స్విచ్ లాగేసరికి లిఫ్టు అడుగుకు చేరిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తొమ్మిదంతస్తులూ మెట్లు దిగాను అక్కా. ప్రతి మలుపులోనూ నీ ముఖమే.

బావ గోతిలో బోర్లా పడుకుని బతికాడు. నిచ్చెన మీదున్న కాలు లాక్కునేలోగా వేళ్ళు నలిగాయి. లిఫ్టు కిందనుంచి వినపడిన మొదటి మాట, "ఇప్పుడైనా దించావా?" అని. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

వచ్చే సోమవారం విచారణ. తాళం అక్కర్లేదని తనే చెప్పానంటాడట. ఎంత బతిమాలినా ఒకటే మాట. "నాకింకా నాలుగేళ్ళే సర్వీసు. నీకింకా ముప్పై ఏళ్ళ సర్వీసుంది. లైసెన్సు పోతే ఏం చేస్తావు? నోరు మూసుకో."

పది రోజులూ మూసుకున్నాను. భయమేసింది, అంతే, దాచుకోవడానికేం లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళు వేరే ఎక్కడో ఉంటారనుకునేవాణ్ణి.

ఇవాళ పొద్దున జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి, ఆఫీసులో ఇచ్చేశాను. బావకు ఇంకా తెలియదు. సోమవారం అక్కడ చదువుతుంటే వింటాడు. బయటికి రాగానే నీకే ఫోన్ చేస్తాడు. "ఆ కాగితం వెనక్కి తీసుకోమని వాడికి నువ్వు చెప్పు, నీ మాటైతే వింటాడు" అంటాడు.

నిజమే, నువ్వు చెబితే వింటాను. అందుకే అడుగుతున్నాను అక్కా, చెప్పకు.

ఇట్లు,
నీ ముందు ఏదీ దాచుకోలేని
తమ్ముడు