ఉద్వాసన చెప్పని అయిదు తూటాలు

మౌంట్ రాస్కిల్, ఆక్లండ్.

ఆయుధ లైసెన్సుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి పూజాపీఠం మీద దొరికిన అయిదు తూటాల గురించి, అందుకు మా అత్తగారు కామేశ్వరమ్మ గారిపై నమోదైన కేసు గురించి.

పోలిశెట్టి అక్షయ్ అను నేను సవినయముగా విన్నవించుకొనునది. గతవారం తమకు ఇంగ్లీషులో వాంగ్మూలం ఇచ్చి యున్నాను. ఆ భాషలో అబద్ధం ఆడటం నాకు తేలికైంది. అందుచేత ఇది తెలుగులో రాస్తున్నాను. చదివి చెప్పేవారిని దయచేసి పిలిపించుకోగలరు.

1. నేను పొలాలు, చెట్లు పాడుచేసే కుందేళ్ళను, పోసమ్‌లను కాల్చే కంపెనీలో ఉద్యోగిని. రైఫిలుకు లైసెన్సు కలదు. మహర్నవమి నాడు ఆయుధపూజ మా ఆచారం. మిక్సీ నుంచి కారు దాకా అన్నిటికీ బొట్టు పెడతాము. అన్నం పెట్టే ఆయుధానికి పెట్టకపోతే మనసొప్పలేదు. రైఫిలును సేఫులోంచి తీయడానికి భయపడి, దాని బదులు అయిదు తూటాలు పళ్ళెంలో పెట్టి పసుపు కుంకుమ అద్దితిని.

2. పూజలో పెట్టినది ఉద్వాసన చెప్పేదాకా కదపరాదు. ఉద్వాసన మర్నాడు సాయంత్రానికి పెట్టుకున్నాము. ఆ ఉదయం నేను డ్యూటీకి, నా భార్య కిరణ్మయి ఆఫీసుకు వెళ్ళిపోయాము. లైసెన్సు లేనివారి దగ్గర తూటాలు వదలరాదని నాకు తెలుసు. లైసెన్సు పరీక్షలో ఆ ప్రశ్నకు సరైన జవాబు పెట్టినవాణ్ణే.

3. సేఫు తనిఖీకి తమరిచ్చిన తారీఖు అదే. నేను మరచితిని. తమ ఉద్యోగి పళ్ళెం మీద చెయ్యి వేయబోతే అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని, "ఉండు నాయనా, అమ్మవారికింకా ఉద్వాసన చెప్పలేదు" అన్నారట. ఆయనకు తెలుగు రాదు, ఆవిడకు ఇంగ్లీషు రాదు. విజిటర్ వీసా మీద మనవరాలిని చూడవచ్చిన మనిషి నేరస్థురాలైంది.

4. తూటాలు బయటికి తీసిందెవరని స్టేషనులో తమరు అడిగితే, "నాకు తెలియదు, ఆవిడే తీసి ఉంటుంది" అన్నాను. ఆవిడ పక్క కుర్చీలోనే ఉన్నారు. నేనేదో తన తరఫున మాట్లాడుతున్నాననుకుని తల ఊపుతూ కూర్చున్నారు. అయ్యా, ఆనాటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

5. ఈ దేశంలోనే జాన్సన్‌విల్‌లో ఉండే మిత్రుడు వీరేశం ఒక ఉపాయం చెప్పాడు. "అమెరికాలో తుపాకి రాజ్యాంగమిచ్చిన హక్కురా. తూటా లేని తుపాకి దుడ్డుకర్రే కదా, అందుకని తూటాకీ హక్కున్నట్టే. అదే రాసి పడెయ్" అన్నాడు. వాడికేం, చెబుతాడు. ఇక్కడ తుపాకే హక్కు కాదు, తమరిచ్చే అనుమతి. తూటా దాని తోకపట్టుకుని వచ్చేది. అనుమతి నా పేర ఉన్నది గనుక ఆ అయిదింటి పూచీ కూడా నాదే.

కావున నా పాత వాంగ్మూలం రద్దుచేసి, కేసు నా మీదికి మార్చి, ఆవిడను అందులోంచి తప్పించవలెనని ప్రార్థన. లైసెన్సు పోతే ఉద్యోగం, దాని వెంట వీసా పోతాయని తెలిసే రాస్తున్నాను. భయంగా ఉంది. అయినా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పోలిశెట్టి అక్షయ్

తా.క.: ఇప్పుడే అత్తగారు కాఫీ తెచ్చి, ఏం రాస్తున్నావని అడిగితే చెప్పాను. నేను స్టేషనులో అన్న మాట, వాంగ్మూలం నకలు చదివిన కిరణ్మయి ఆవిడకు ఆ రోజే చెప్పిందట. "చింపెయ్ బాబూ. ఊరెళ్ళిపోయేదాన్ని, నాకేం? ఆడపిల్ల గలవాడివి" అన్నారు. 'నేనే తీశాను' అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నేర్పమంటున్నారు. నేర్పేస్తానేమోనని భయమేసి, కాఫీ తాగకుండానే ఈ కాగితం పోస్టు చేయడానికి వెళుతున్నాను.