ఎడమ చేత్తో అన్నం

మంగళవారం, కోరుట్ల

సాయంత్రం దుబాయి నుంచి మా ఆయన వీడియో కాల్ చేశాడు. ఎడమ చేత్తో, చెంచాతో అన్నం తింటున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయన అలా తినగా నేను చూడలేదు.

"ఏందయ్యా, దొరవైనవా?" అన్నాను.

"మా కంపెనీల కంప్యూటర్లల్లకు బయటి దొంగలు సొరకుండ కాపలా కాసే పెట్టె అచ్చిందే. బియ్యం బస్తంత బరువు. ఇద్దరం పట్టి ర్యాక్‌ల ఛాతీ ఎత్తుకు ఎక్కియ్యాలె. జతగాణ్ని మొన్ననే నౌకరి తీసి ఇంటికి పంపిండ్రు. ఒక్కన్నే ఎత్తిన, మణికట్టు పోయింది."

"మీ సార్‌కు చెప్పినవా?"

"చెప్తే నన్ను గూడ పంపుతరు."

వచ్చెయ్యమని అనబోయాను.

"మెల్లగ తిను" అన్నాను.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో బియ్యం బస్తాను రెండు చేతులతో పట్టి ఎత్తి చూశాను. మోకాలిదాకా కూడా లేవలేదు.