అతుకు కనపడని ముక్క

నాయనా,

సిరిగేరి టూరింగ్ టాకీసులో నువ్వు ఆపరేటరుగా ఏళ్ళ తరబడి ఆడించిన సినిమా ఇప్పుడు స్పెషల్ ఎడిషన్ డీవీడీగా వచ్చింది. నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. బళ్ళారిలో కొని తెచ్చి అమ్మకు చూపించాను.

హీరో తల్లి చనిపోయే సీను రాగానే అమ్మ బిత్తరపోయింది.

"ఈమె సచ్చిపోతాదా? పుట్టింటికి పోయిందని కదప్పా మీ నాయన చెప్పింది" అంది.

రీలులో కాలిన ఆ ముక్కను కోసేసి, మిగిలింది అతికించి, అడిగినవాళ్ళందరికీ నువ్వు చెప్పిన మాట అదే. అతుకు దగ్గర బొమ్మ ఎగిరిపడుతున్నా ఊరంతా నమ్మింది.

పోయిన ముక్కలన్నీ వెతికి కలిపామని కంపెనీవాళ్ళు డీవీడీ అట్ట మీద గొప్పగా రాసుకున్నారు.

టాకీసు మూతపడ్డాక వాచ్‌మన్ పనికి సైకిల్ మీద పోతున్న నిన్ను తోరణగల్లు రోడ్డులో ఖనిజం లారీ తొక్కేసింది. టీ అంగడి దగ్గర అందరూ చూశారు. పోలీసు స్టేషన్ కాగితాల్లో మాత్రం నువ్వు సైకిల్ మీంచి జారిపడి చచ్చిపోయావు.

"లారీ యాడుండాదప్పా? చూసినామని ఒక్కరన్నా చెప్తాండారా?" అన్నాడు కేసు రాసిన స్టేషన్ రైటరు.

ఆ ముక్కను కోసినవాడు నీకన్నా పనిమంతుడు నాయనా. అతుకు దగ్గర బొమ్మ ఎగరనే లేదు.