ఫొటోలో ఉన్న పిల్ల

మంగళవారం, రాత్రి

మా అమ్మాయి అమాని తొమ్మిదో తరగతికి స్కూలు దొరికింది. సంతోషంగా నిద్రపోవాలి నేను. పట్టడం లేదు.

పొద్దున హైటెక్ సిటీలో పెద్ద స్కూలు. ఎంట్రన్స్ పరీక్షలో అమానీయే ఫస్ట్. అడ్మిషన్ల మేడమ్ అప్లికేషన్ చూసి, "ఫొటోలో ఎంత బాగుందండీ! హోర్డింగ్ మీద ఇదే వేస్తాం" అంది. అమాని నా వైపు చూసింది. నేను థాంక్స్ చెప్పాను. సిగ్గులేకుండా చెప్పాను.

దానిది అచ్చం వాళ్ల నాన్న డేనియల్ రంగు, కెన్యాలో వాళ్ల నానమ్మ రంగు; నా తెలుపు రాలేదు. స్టూడియోవాడు అడక్కుండానే ఫొటోలో దాన్ని తెల్లగా చేసి ఇచ్చాడు. చూసి కూడా ఊరుకున్నాను. సీటు వస్తే చాలనుకున్నాను.

మధ్యాహ్నం నార్సింగిలో చిన్న స్కూలు. అమాని సగం టైములోనే పేపరు ఇచ్చేసి, "సార్, ఆరో లెక్క తప్పుంది" అంది. లెక్కల సారు తనూ చేసి చూసుకుని, "నిజమే బిడ్డా" అని నవ్వాడు. తర్వాత అప్లికేషన్ మీద ఫొటోనీ, దాన్నీ మార్చి మార్చి చూశాడు.

"మేడమ్, గీ ఫొటో ఈ బిడ్డది కాదు. జర అసలు ఫొటో తెండి."

నాకు తల కొట్టేసినట్టయింది. అమాని మాత్రం ఆటోలో ఇంటిదాకా నవ్వుతూనే ఉంది. ఈ స్కూలే కావాలంది.

సాయంత్రం డేనియల్ బాల్కనీలో కొత్త ఫొటో తీశాడు. ఎంత ముద్దుగా ఉందో నా తల్లి! పాతవన్నీ చింపబోతుంటే అమాని నా చెయ్యి పట్టుకుంది.

"ఒకటి ఉండనీ అమ్మా. ఇది చూస్తే ఎవరైనా నన్ను నీ కూతురే అనుకుంటారు."