బద్రు ఎక్కిన డోలీ

జూన్ 20, శుక్రవారం. జిద్దా

BP పర్వాలేదు. కాళ్లవాపు తగ్గలేదు.

ఈ డైరీ డాక్టర్ ఇచ్చింది నా భార్య బద్రున్నీసా BP రాయడానికి. రోజుకో ముక్క చాలన్నాడు. ఏళ్ల తరబడి నోరు మూసుకొని స్కూల్ బస్ తోలినవాణ్ణి. కాగితం దొరికితే వదులుతానా.

గుండె పంపింగ్ ఇంకా తగ్గిందట. మందులతో లాగాలట. ఎంత కాలం అని అడిగితే ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు. ఆయన తిరిగిన తీరు బద్రు కూడా చూసింది. బయటికొచ్చాక షరఫియా బజారులో మనవాళ్ల హోటల్‌లో ఇడ్లీ తినిపించమంది. సగం ఇడ్లీ తిని, అజీ, నాకు గొరిల్లాలను చూపీ అంది.

జూన్ 21

BP నిన్నటిలాగే.

గొరిల్లా పిచ్చి కొత్తది కాదు. నేను చీకటితోనే బస్సు తీసేవాణ్ణి. మా కొడుకు అఖీల్ బడికి పోయేవాడు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఈమె, టీవీ. అడవుల కార్యక్రమాలు అరబ్బీలో వచ్చేవి. సగం అర్థం కాకున్నా వదిలేది కాదు. గొరిల్లాలే ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఈరోజు అడిగాను. వాళ్లల్లో మొగోడు డ్యూటీకి పోడుజీ, పొద్దంతా పెండ్లాంబిడ్డల మధ్యన కూసోనుంటాడు, అట్లాంటి సంసారం ఒకటి కండ్లారా చూడల్ల అంది.

డ్యూటీకి పోకుంటే టీవీ యాడినుంచి వచ్చేది అన్నాను. కోపంగానే అన్నాను. తర్వాత నాకు అన్నం సహించలేదు.

జూన్ 25

డాక్టర్ మాట: విమానం ఎక్కవచ్చు, కొండ ఎక్కకూడదు.

అఖీల్ తను పనిచేసే హుఫూఫ్ ఊరి నుంచి ఫోన్ చేసి అరిచాడు. అమ్మీని అడివిలో చంపుకొని వస్తావా అబ్బా అన్నాడు. ఇంట్లో పెట్టుకుంటే మాత్రం బతుకుతుందని రాసిస్తావా అని నేనూ అరిచాను. ఫోన్ పెట్టేశాక ఏడుపు వచ్చింది. వాడూ ఏడ్చాడని కోడలు బద్రుకు చెప్పిందట. బద్రు ఒక్కతే ఏడవలేదు. సూట్‌కేసు దించమంది.

జూలై 1

ఇద్దరికీ పోయి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చింది. గొరిల్లాల దగ్గరికి పోవడానికి ఉగాండాలో ఇంకో పర్మిట్ అట, పాస్‌పోర్ట్ నంబర్‌తో సహా. ఇకామా అనే నివాసం కార్డు లేకుండా హాయిగా బతుకుతున్నది ఆ గొరిల్లాలే.

జూలై 5. ఉగాండా, బ్విండి అడవి, లాడ్జ్

BP కొంచెం ఎక్కువ. ప్రయాణం వల్ల కావచ్చు.

ఎంటెబ్బెలో దిగి పొద్దంతా జీపులో వచ్చాం. లాడ్జ్ అంతా చెక్క. వరండా కట్టె పట్టుకొని చెయ్యి చాపితే అడవి. ఇంత పచ్చదనం చూసి నాకు భయం వేసింది. వాన పడుతుంది, ఆగుతుంది, ఆగిన తర్వాత కూడా చెట్లు కురుస్తూనే ఉంటాయి. తుడుచుకున్న తువ్వాలు ఆరదు. పడుకునే ముందు పరుపులో వేడినీళ్ల రబ్బరు సంచి పెట్టి పోయారు. బద్రు దాన్ని చూసి మురిసిపోయింది. నా కోసం ఇట్ల ఎవురన్నా పడక వెచ్చబెట్టినారా అంది. నా వైపు చూసే అంది.

కడపలో పడమటికి తిరిగి నమాజు చేసినవాణ్ణి, జిద్దాలో తూర్పుకు తిరిగాను. ఇక్కడ ఫోన్‌లో చూస్తే ఉత్తరం.

భోజనాల గది నుంచి మా రూమ్‌కు కొన్ని మెట్లున్నాయి. ఆమె ఆగి ఆగి ఎక్కింది. మధ్యలో పువ్వులు చూస్తున్నట్టు నటించింది. నేనూ పువ్వులు చూశాను.

జూలై 6, సాయంత్రం

గైడ్ పేరు బెనన్. మంచి మనిషి. మెట్ల మీద బద్రును చూసి, మేడమ్ నడవలేరు, మోసుకుపోతాం అన్నాడు. వస్తువు తెచ్చి చూపించాడు. రెండు పొడుగు కట్టెలు, మధ్యలో బుట్టలాగా అల్లిక. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, భుజాల మీద ఎత్తుతారు. అలసిపోతే పక్కవాళ్లు అందుకుంటారు.

అది జనాజా, మావాళ్ల పాడె. కడపలో, జిద్దాలో నేను ఎన్ని జనాజాలకు భుజం పట్టానో. కట్టె అదే, భుజం అదే, మనుషులు మారే పద్ధతి అదే. వద్దన్నాను. గర్భిణులను ఆస్పత్రికి తీసుకుపోయేదీ దీంట్లోనే, మా అమ్మ నన్ను కనడానికి దీంట్లోనే వెళ్లింది అని బెనన్ నచ్చజెప్పాడు. చచ్చినవాళ్లను కూడానా అని అడిగాను. అబద్ధం చెప్పలేక కట్టెలు సర్దుకున్నాడు.

బతికున్న నా భార్యను జనాజా ఎక్కించను. ఎల్లుండి తిరిగి పోతాం.

జూలై 6, తర్వాత

బద్రు అటు తిరిగి పడుకుంది. ఇప్పుడే మాట్లాడింది. సచ్చినాక మోస్తే నాకేం తెలుస్తాది, ఇప్పుడు మోస్తే చూస్తా కదా అంది. ఆడోళ్లను ఖబరస్తాన్‌కు ఎట్లాగూ రానీరు, నా జనాజా నేనెప్పుడు చూసేది అంది. ఆ తర్వాత నవ్వింది. ఇది డోలీ అనుకోరాదా, నన్ను పెండ్లిలో డోలీ ఎక్కించినారా, వేరుశనక్కాయల లారీలో కదా తెచ్చినారు అంది.

నిజమే. లారీయే.

జూలై 7

ఎక్కడ మొదలుపెట్టాలి.

ఒప్పుకున్నాను గానీ రెండు షరతులు పెట్టాను. ఆమె పడుకోకూడదు, కూచునే ఉండాలి. కాళ్లు ముందుకు ఉండాలి. జనాజా తల ముందుకు పోతుంది, అందుకని. అందరినీ కూచోబెట్టే తీసుకుపోతాం సార్ అని బెనన్ ఓపిగ్గా చెప్పాడు.

మోసేవాళ్లు పాడుతూ నడిచారు. ఏం పాట అని బద్రు పైనుంచి అడిగింది. పెళ్లి పాటట. ఆమె గర్వంగా నా వైపు చూసింది. దారి లేదు, కత్తితో కొట్టుకుంటూ పోవడమే. బురద, వేర్లు, తీగలు. ఒక నిటారు ఎక్కుడులో వెనక మనిషి జారి మోకాలు కొట్టుకున్నాడు. పక్కవాళ్లు వచ్చేలోపు నేను కట్టె కింద భుజం పెట్టాను. బెనన్ వద్దన్నాడు. నేను వినలేదు. నా ఎత్తు వేరు, వాళ్ల ఎత్తు వేరు. డోలీ ఒక పక్కకు ఒరిగింది. తిన్నగా పట్టుజీ అని బద్రు అరిచింది.

భుజం మీద కట్టె పడగానే నా నోరు దానంతట అదే కలిమా మొదలుపెట్టింది. అలవాటు. జనాజాకు భుజం ఇస్తే చదువుతాం కదా. నాకే తెలియలేదు. పైనుంచి ఆమె గొంతు వచ్చింది. ఓయ్, ఇంకా బతికే ఉండానుజీ అని.

నవ్వానో ఏడ్చానో తెలియదు. కట్టె మాత్రం వదల్లేదు. ఎక్కుడు అయిపోయిందాకా మోశాను.

దగ్గరికి వచ్చాక దించారు. మాస్కులు పెట్టుకున్నాం. చివరి కొంచెం దూరం నా చెయ్యి పట్టుకొని నడిచింది.

అతను కూచొని ఉన్నాడు. వీపంతా నెరిసింది. ఆకులు ఒలుచుకొని తింటున్నాడు. ఆడ గొరిల్లాలు రెండు పక్కన పడుకున్నాయి. ఒక పిల్ల అతని వీపు మీద జారుడుబండ ఆడుతోంది. మాకు ఇచ్చింది గంట టైము. మేమూ తడి ఆకుల మీద కూచున్నాం. మొదట నాకు అసూయ వేసింది. దర్జాగా ఉన్నాడు మహారాజు అనుకున్నాను. చూస్తూ చూస్తూ ఉంటే తెలిసింది. ఎక్కడ కొమ్మ విరిగినా తల తిప్పుతున్నాడు. పిల్ల దూరం పోతే నమలడం ఆపుతున్నాడు. బద్రు చెవిలో చెప్పాను, వీడు కూడా డ్యూటీలోనే ఉన్నాడు, కూచోవడమే వీడి డ్యూటీ అని.

ఆ డ్యూటీ నీకు ఎవురూ ఇయ్యకపోయిరి కదా పాపం అంది. నా చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

BP చూడటం మరిచాను.

జూలై 8

భుజం కమిలింది. బద్రు నూనె రాస్తూ పాడుతోంది, ఆ పెళ్లి పాట, మాటలు రాకుండానే.

ఆగస్టు 24. జిద్దా

BP తక్కువ.

స్కూల్ తెరిచారు. బస్సుకు నా బదులు మహబూబ్ సుభాని పోతున్నాడు. నేను సెలవు పెట్టాను. పొద్దున చీకటితో లేస్తాను, అలవాటు చావదు కదా. ఆమె మంచం పక్కన కుర్చీలో కూచుంటాను. ఆమె దగ్గితే తల తిప్పుతాను. నన్ను గొరిల్లా అని పిలుస్తోంది. అఖీల్‌కు ఫోన్‌లో కూడా, మీ అబ్బకు కొత్త ఉద్యోగం వచ్చిందిరా అని చెప్పింది.

ఈ ఉద్యోగం ముందే వచ్చి ఉంటే బాగుండేది.

అక్టోబర్ 9

హాస్పిటల్. కుర్చీ ఇక్కడా ఇచ్చారు.

అక్టోబర్ 17, శుక్రవారం

జుమా తర్వాత బద్రు జనాజా నమాజు చేశారు. నేనూ అఖీలూ ముందు కట్టెలు పట్టాం. ఎవరెవరో వచ్చారు, సూడాన్ వాళ్లు, యెమెన్ వాళ్లు, ఆమె ఎవరో తెలియనివాళ్లు. పుణ్యం కోసం తోసుకుంటూ భుజం ఇచ్చారు. ఖబరస్తాన్ గేటు చేరకముందే కట్టె నా భుజం మీంచి పోయింది. మళ్లీ అందలేదు. వెనక నడిచాను.

నోరు కలిమా చదువుతోంది. మధ్యలో ఆపి, పైకి చూసి, ఓయ్ అంటుందేమోనని విన్నాను.