అత్త పెట్టిన సంతకం

సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్

మీనా, ఇక్కడందరం కులాసా. ఫోన్లో అయితే ఏడుపొచ్చెస్తాదని కార్డు రాస్తన్నాను. మీ బావ పోయిన ఏడాదికి ఆయన పేరున రైల్వే వర్క్‌షాపులో నాకు ఉద్యోగం వొచ్చింది.

అభ్యంతరం లేదని అత్త సంతకం కావాల. ఆ ఉద్యోగం మా మరిది హరిబాబుకి ఇప్పించాలని ఇన్నాళ్లూ పెట్టలేదు. ఆమధ్య టీవీలో "గేటు నంబరు పదకొండు" అని బెంగాలీ సిరీసు చూస్తంటే పక్కన కూచుంది. మొగుడు పోయాక ఆయన రైల్వే గేటు పని అందుకున్న ఆడమనిషి కథ. మూడో భాగంలో ఆవిడ అత్త గేటు దగ్గిరకే వొచ్చి తిట్టింది. మా అత్త రిమోటు లాక్కుని ఆపీసింది.

"నానూ అలాగే కనపడతన్నానేటే నీకు?"

భయమేసింది గానీ, "అవునత్తా" అనీసినాను.

రిమోటు నా చేతిలో పెట్టి, "ఆ కాయితం తే" అంది. హరిబాబు అడ్డొస్తే, "నువ్వు పరీచ్చ రాసి తెచ్చుకో" అని సంతకం పెట్టీసింది. మొన్న సోమవారం పనిలో చేరినాను.

నువ్వూ ఆ సిరీసు తప్పకండా చూడు. పిల్లలకి "ఏడు దీవుల మాయ" పెట్టు. అదీ సిరీసే, ఒక నవల్ని తీసినారు. మొదట సాగదీసినారు గానీ రెక్కల పాము వొచ్చాక పిల్లలు కదల్రు.

అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? బీరువాలో నా నేత చీరలుంటే ఎవరైనా ఇటొచ్చినప్పుడు పంపు. ఎండు నెత్తళ్లు కూడా. నా గురించి ఇంక దిగులొద్దని అమ్మకి చదివి చెప్పు. పిల్లలు సల్లగుండాల.

మీ అప్ప,
హైమవతి, హెల్పరు, వేగన్ షాపు